వెట్టిచాకిరి: సమాసంలో కనపడని దొర

సమాసాల పాఠం చెబుతూ ఈ మధ్య ఒకనాడు నల్లబల్లమీద 'వెట్టిచాకిరి' అని రాసి, విగ్రహవాక్యం చెప్పమని పిల్లల్ని అడిగాను. మూడు జవాబులొచ్చాయి. "వెట్టియైన చాకిరి" అన్నాడొకడు. "వెట్టి అనెడి చాకిరి" అంది ఒక అమ్మాయి. వెనకబల్ల మీంచి, చింతపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కుర్రవాడొకడు, "వెట్టివాడి చాకిరి సార్" అన్నాడు. మొదటిది విశేషణ పూర్వపద కర్మధారయం. రెండోది సంభావనా పూర్వపద కర్మధారయం. మూడోది షష్ఠీ తత్పురుషం. పరీక్షలో మొదటిది రాస్తే మార్కు పోదని చెప్పి పాఠం ముగించాను. పాఠమైతే ముగిసింది గాని ప్రశ్న ముగియలేదు.

ఉపాధ్యాయుల గదిలో ఈ సంగతి చెప్పగానే, తెలుగు క్షుణ్ణంగా చదువుకున్న మిత్రుడొకరు అసలు మాటే తప్పన్నారు. వెట్టి అన్నా కూలి లేని పనే, చాకిరి అన్నా ఇంచుమించు అదే. రెండూ కలిపి అనడం పునరుక్తి. కవి చేస్తే దోషమంటాం, జనం అంటే సమాసమని పాఠం చెబుతాం. ఇదీ ఆయన వాదం. సాహిత్య సభల్లో కూడా ఈ వాదం విన్నాను. క్లుప్తత కోరేవారు 'వెట్టి' ఒక్కటీ చాలునంటున్నారు. మరోపక్క యువకవులు కొందరు ఈ మాటను ఎక్కడపడితే అక్కడ వాడేస్తున్నారు. ప్రియురాలి జ్ఞాపకాలకు హృదయం వెట్టిచాకిరి చేస్తుంది. చందమామ సముద్రానికి వెట్టిచాకిరి చేస్తాడు. ఒకరు మాటను కత్తిరించమంటారు, మరొకరు సాగదీస్తారు. చూడటానికి ఇవి రెండు ధోరణులు. కాని రెండింటికీ మూలం ఒక్కటే: మాటను దాని చరిత్ర నుంచి విడదీసి చూడటం. అందుకని ఆ చరిత్ర కొంత చూడాలి.

'వెట్టి' దేశ్యం కాదు, తద్భవం. సంస్కృతంలో ఇది 'విష్టి'. 'శ్రేష్ఠి' ప్రాకృతం మీదుగా వచ్చి 'సెట్టి' అయినట్టే ఇక్కడా 'ష్ట' కాస్తా 'ట్ట' అయింది. 'విష్ణువు' 'వెన్నుడు' అయినట్టే ఇకారం ఎకారమైంది. సెట్టికీ వెన్నుడికీ పట్టిన దారే వెట్టికీ పట్టింది. అయితే సెట్టి సంపదతో దిగాడు, వెన్నుడు మహిమతో దిగాడు, వెట్టి మాత్రం నెత్తిన మూటతో దిగింది. కౌటిల్యుని అర్థశాస్త్రం నాటికే విష్టి రాజ్యానికి రావలసిన వాటిలో ఒకటి. ఇంకా స్పష్టమైన సాక్ష్యం గిర్నారు బండమీద ఉంది. క్రీ.శ. 150 ప్రాంతంలో రుద్రదాముడు సుదర్శన తటాకం గట్టు తిరిగి కట్టించి, ఆ పనికి ప్రజలను పన్నులతో గాని విష్టితో గాని బాధించలేదని శాసనం వేయించాడు. చరిత్ర పుస్తకాలు దీన్ని రాజు ఔదార్యంగా రాస్తాయి. చేయలేదని రాతిమీద చెక్కించుకోవలసి వచ్చిందంటే, చేయడం ఎంత మామూలు సంగతో వేరే చెప్పనక్కరలేదు! చోళుల తమిళ శాసనాల్లో 'వెట్టి' భూమిశిస్తు పక్కనే, మనుషుల పని రూపంలో రావలసిన పన్నుగా కనిపిస్తుంది.

కోస్తా గ్రామాల్లో ఈ మాట ఇంకో అడుగు ముందుకేసింది. మునసబు, కరణాల కింద తలారితోపాటు 'వెట్టి' అనే గ్రామసేవకుడు ఉండేవాడు. కచేరీకి కబురు మోసుకుపోవాలన్నా, సర్కారు మనిషి సామాను పక్క ఊరికి చేర్చాలన్నా అతనే. పని పేరు మనిషి పేరైంది. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. కాని ఆ తరం వాళ్ళ నోట 'వెట్టి' అంటే ఇప్పటికీ ముందు మనిషే, తర్వాతే పని. "వెట్టివాడి చాకిరి" అన్న కుర్రవాడికి వ్యాకరణం రాదనడానికి లేదు.

ఇక 'చాకిరి'. పిల్లలు దీన్ని చాకలితో ముడిపెడతారు; పెద్దలూ పెడతారు. ధ్వని దగ్గరగా ఉండటం తప్ప వాటికి చుట్టరికం లేదు. చాకలి ఇంటి మాట, చాకిరి వచ్చిన మాట. పారసీకంలో 'చాకర్' అంటే సేవకుడు, అతని పని 'చాకరీ'. నౌకర్లు, చాకర్లు అని మనం జంటగా అనేవాళ్ళలో రెండోవాడు వీడే. బెంగాలీలు నెలజీతం ఉద్యోగాన్ని గౌరవంగా 'చాక్రి' అంటారు. దానికోసం పరీక్షలు రాస్తారు. మన దగ్గర నౌకరీ మెట్టెక్కింది, చాకిరి దిగజారింది. గొడ్డుచాకిరి, గాడిదచాకిరి అంటామే గాని, కలెక్టరు చాకిరి అనం. తహసీలు, జమాబందీ, మునసబు, జమీను వచ్చిన దారినే ఈ మాటా వచ్చింది. గోలకొండ పాలనలోను, ఆ తరువాత శ్రీకాకుళం సర్కారు నైజాము చేతిలో ఉన్న కాలంలోను, కచేరీ మాట పారసీకం. కంపెనీ వాళ్ళు వచ్చి కచేరీ మార్చారు గాని మాట మార్చలేదు.

చిన్నయసూరి బాలవ్యాకరణం సమాసాలను సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రం అని మూడుగా చెప్పింది. మన మాట ఆ మూడు గదుల్లో దేనిలోనూ తిన్నగా ఇమడదు. పూర్వపదం ధర్మశాస్త్రాల భాష నుంచి, ఉత్తరపదం సుల్తానుల దఫ్తరం నుంచి వచ్చాయి. రెండింటి అర్థమూ దగ్గరదగ్గరే అన్నది నిజం. కాని దీన్ని పునరుక్తి అనడం, ఒకే మనిషి దగ్గర రెండుసార్లు శిస్తు వసూలు చేసినప్పుడు లెక్కలో పునరుక్తి ఉందన్నట్టుంటుంది! రాజు మారాడు, కచేరీ భాష మారింది, మోసేవాడు మారలేదు. పాత మాట పోకముందే కొత్త మాట దానిమీదికెక్కింది. ఇది ఒక్క తెలుగు ప్రత్యేకత కూడా కాదు. మరాఠీలో 'వేఠ్‌బిగార్' ఉంది. వేఠ్ మన వెట్టే. బిగార్ పారసీకపు 'బేగార్'. దక్కను అంతటా ఒకే చోట అతుకు పడింది.

ఆ అతుకు వల్ల మేలు కూడా జరిగిందని నా అభిప్రాయం. అదే 'విష్టి' కన్నడంలో 'బిట్టి' అయింది. ఈనాటి కన్నడంలో బిట్టి అంటే ఉచితంగా దొరికేది. 2023 తరువాత కర్ణాటకలో పేదలకిచ్చే పథకాలను ఎగతాళి చేసేవారు 'బిట్టిభాగ్య' అంటున్నారు. కూలి ఇవ్వకుండా పేదవాడి దగ్గర లాక్కున్న పనికి పెట్టిన పేరు, వెల లేకుండా పేదవాడు పొందుతున్నాడనే నిందకు పేరైంది. అప్పు ఇచ్చినవాడు పత్రంలో అప్పు తీసుకున్నవాడిగా మారినట్టు! తమిళంలో 'వెట్టి' అంటే నేటి వాడుకలో వృథా, పనీపాటా లేకపోవడం. రెక్కలు ముక్కలు చేసుకున్నవాడి పేరు సోమరికి అంటించారు. తెలుగులో ఈ దుర్గతి పట్టకపోవడానికి కారణం, పక్కన చాకిరి కావలి ఉండటమే. పని ఊసు లేకుండా 'వెట్టిచాకిరి' అనడం ఎవరి తరమూ కాదు. పునరుక్తి అని మా మిత్రుడు కొట్టేయమన్న పదమే మొదటి పదం అర్థాన్ని కాపాడింది. క్లుప్తత పేరుతో దాన్ని తీసేయమనేవాళ్ళు కన్నడ, తమిళ మాటల గతి ఒకసారి చూడాలి.

అంతమాత్రాన ఈ సమాసంలో లోపం లేదనను. లోపం మరోచోట ఉంది. అది నాకు తెలిసింది తెలుగు వ్యాకరణం వల్ల కాదు, ఒక జర్మన్ మాట వల్ల.

మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటం (1867)లో పనిదినం గురించిన అధ్యాయం మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. అందులో ఇంగ్లండు మిల్లు యజమానినీ రుమేనియా ప్రాంతపు భూస్వామినీ పక్కపక్కన నిలబెడతాడు. అక్కడ రైతు దొర పొలంలో కూలి లేకుండా చేసే పనికి ఆయన వాడిన జర్మన్ మాట 'ఫ్రోన్'. ఫ్రోన్‌ఆర్బైట్, ఫ్రోన్‌డీన్‌స్ట్ అని సమాసాలు. ఇంగ్లీషు అనువాదంలో దీనికి ఫ్రెంచి 'కొర్వే' పెట్టారు. కొర్వేకు లాటిన్ మూలార్థం 'అందరినీ అడిగి పిలిపించిన పని' అని. బలవంతానికి ఎంత మర్యాదైన పేరు! తెలుగు చేయాలంటే మనకు వెట్టిచాకిరి తప్ప వేరే మాట లేదు. కాని జర్మన్ మాటను విప్పి చూస్తే మన మాటలో లేనిది అందులో ఒకటి ఉంది.

ప్రాచీన జర్మన్‌లో 'ఫ్రో' అంటే ప్రభువు, దొర. దాని షష్ఠీ బహువచనం 'ఫ్రోనో': దొరల. ఈ 'దొరల' అనే విభక్తి రూపమే క్రమంగా విశేషణమై 'ఫ్రోన్' అయింది. రెండో భాగం 'డీన్‌స్ట్' అంటే సేవ. దాని వేరులో ఉన్నది దాసుడు, బంటు అనే అర్థం. కనుక ఫ్రోన్‌డీన్‌స్ట్ అచ్చమైన షష్ఠీ తత్పురుషం: దొరల ఊడిగం. పూర్వపదంలో దొర, ఉత్తరపదంలో దాసుడు. మొత్తం సంబంధమంతా ఒక్క మాటలో. ఇంకో వింత ఏమిటంటే, ఆ 'ఫ్రో' అనే దొర భాషలో స్వతంత్రంగా బతకలేదు. అతని స్త్రీలింగ రూపం 'ఫ్రౌ' ఈనాటికీ ఉంది, ఇప్పుడు ప్రతి ఇల్లాలికీ ప్రతి ఉద్యోగినికీ అదే మన్నన పదం. దొర మాత్రం రెండే చోట్ల మిగిలాడు. ఒకటి 'ఫ్రోన్‌లైష్నామ్', అంటే ప్రభువు దేహం, క్రైస్తవుల పండుగ పేరు. రెండోది వెట్టిచాకిరి పేరు. చచ్చి గుడిలోనూ, రైతు వీపుమీదా మిగిలాడన్నమాట.

మన మాటలో దొర లేడు. వెట్టి అన్నా పనిచేసేవాడి వైపు మాటే, చాకిరి అన్నా పనిచేసేవాడి వైపు మాటే. దాసుణ్ణి రెండుసార్లు చెప్పాం, దొరను ఒక్కసారీ చెప్పలేదు. కర్మధారయం చేయడం వల్ల ఇంకా ఇబ్బంది వచ్చింది. "వెట్టియైన చాకిరి" అంటే చాకిరికి ఉన్న ఒక గుణం. నల్లకలువకు నలుపులాగా, ఎవరూ పూయనక్కరలేదు, దానంతట అదే ఉంటుంది. కుర్రవాడు షష్ఠి చెప్పాడు, అది మేలు. కాని షష్ఠి రెండు వైపులా పోతుంది. "తల్లి సేవ" అంటే తల్లి చేసిన సేవా కావచ్చు, తల్లికి చేసిన సేవా కావచ్చు. అతని షష్ఠి చేసేవాడిని చెప్పింది. జర్మన్ షష్ఠి చేయించుకునేవాడిని చెప్పింది.

పేరులో దొర ఉన్నంతమాత్రాన అక్కడ వెట్టి తగ్గిందని కాదు. 1524లో ష్టూలింగెన్ ప్రాంతపు రైతులను వాళ్ళ దొరసాని కోతల వేళ పొలాలు వదిలి, నూలు చుట్టుకోవడానికి నత్తగుల్లలు ఏరుకురమ్మన్నదని, తిరుగుబాటు అక్కడ రాజుకుందని చెబుతారు. మరుసటి ఏడు మెమ్మింగెన్‌లో రైతులు రాసుకున్న పన్నెండు కోరికల్లో అర్ధబానిసత్వం పోవాలన్నది ఒకటి, నానాటికీ పెరుగుతున్న ఊడిగాలు తగ్గాలన్నది మరొకటి. ఏంగెల్స్ 1850లో ఆ రైతు యుద్ధంపై పుస్తకమే రాశాడు. వాళ్ళ కోరికల్లో గమనించదగ్గది, ఫిర్యాదు 'కష్టం' మీద కాదు, 'లెక్క' మీద. ఎన్ని రోజులు, ఎవరికి, ఏ హక్కుతో అన్నది వాళ్ళ ప్రశ్న. మార్క్స్ చూపించిందీ ఆ లెక్కే. రుమేనియా చట్టంలో ఏడాదికి 12 రోజుల పని అని ఉంటుంది. ఆ 'రోజు' పనిని ఒక్క రోజులో తెమలకుండా నిర్వచించి, మిగతా సేవలు జతచేసి, 56 రోజులకు తెస్తారు. వెట్టిలో తనకోసం చేసుకున్న రోజు, దొరకోసం చేసిన రోజు విడివిడిగా కంటికి కనిపిస్తాయి. మిల్లులో ఆ రెండూ ఒకే గంటలో కలిసిపోయి కనిపించవు. ఈ తేడా తెలియని రచయిత వెట్టి గురించీ సరిగా రాయలేడు, జీతం గురించీ సరిగా రాయలేడు.

జర్మన్ మాటకూ చివరికి క్షయం తప్పలేదు. ఫ్రోన్ నుంచి పుట్టిన 'ఫ్రోనెన్' అనే క్రియకు మొదట దొరకు ఊడిగం చేయడమని అర్థం. ఇప్పుడు పేకాటకో తాగుడుకో మనసిచ్చి లోబడటమని అర్థం. మన యువకవి హృదయం జ్ఞాపకాలకు చేసే వెట్టిచాకిరి సరిగ్గా ఈ దారిలోనే ఉంది.

దూరం పోనక్కరలేదు. ఈ మాట నేల మీద ఎలా ఉంటుందో మా నర్సీపట్నంలో బస్సెక్కితే తెలుస్తుంది. ఇక్కడి నుంచి లంబసింగి ఘాటు మీదుగా చింతపల్లికి రోడ్డుంది. శీతకాలంలో మంచు చూడటానికి వందల కార్లు ఆ ఘాటెక్కుతాయి. 1920ల తొలినాళ్ళలో ఆ దారి పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనాన్ని బలవంతంగా తోలాడు; మంజూరైన కూలికంటే తక్కువ ఇచ్చాడు. 1882 నాటి అడవి చట్టం పోడును అప్పటికే బిగించింది. తిండి పోయిన చోట కూలి దిక్కవుతుంది; ఆ కూలినీ కోసేశారు. గాము గంతందొర, గాము మల్లుదొరలు అల్లూరి సీతారామరాజుతో కలవడానికి వెనక ఉన్న కోపంలో ఈ రోడ్డు పెద్ద భాగం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు జరిగాయి. అదే ఏడు 'మాలపల్లి' నవల కూడా వెలువడిందని సాహిత్య విద్యార్థులు జ్ఞాపకం పెట్టుకోవచ్చు.

కొంత కూలి ఇచ్చారు గదా, వెట్టి ఎలా అవుతుందని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధిస్తూ ఇంగ్లీషు పాఠంలోనే 'బేగార్' అనే మాట వాడింది. దానికి ఇంగ్లీషులో సరైన మాట దొరకలేదు కాబోలు. 1975లో ఆర్డినెన్సుగా, 1976లో చట్టంగా వెట్టి కార్మిక విధానం రద్దయింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకున్న పని కూడా నిర్బంధ శ్రమే అని తీర్పు చెప్పింది. ఆకలి కూడా కొరడాయేనని న్యాయస్థానం ఒప్పుకుంది. ఆ లెక్కన లంబసింగి రోడ్డు మీద జరిగింది నూటికి నూరుపాళ్ళు వెట్టి.

మన సాహిత్యంలో ఈ లెక్క తెలిసి రాసినవాళ్ళు లేకపోలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లో గాని, దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో గాని వెట్టి ఉపమానం కాదు. ఎవరి గడీ, ఎవరి వీపు అన్నది అక్కడ తెలుస్తుంది. సమాసం దాచిన దొరను నవల బయటికి లాగింది. 1947 నాటి 'మా భూమి' నాటకం అతణ్ణి వేదిక ఎక్కించి జనానికి చూపించింది. భాష చేయని పనిని రచన చేయడమంటే ఇదే. ఈ రచనలన్నీ సమానంగా గొప్పవని నా ఉద్దేశం కాదు. ఆళ్వారుస్వామి కథనం అక్కడక్కడ ఉపన్యాసమవుతుంది. కాని షష్ఠిని ఆయన ఎన్నడూ మరవలేదు.

ఇటీవలి కథల్లో కంప్యూటరు ముందు రాత్రింబవళ్ళు కూచునే కుర్రవాళ్ళ వెట్టిచాకిరి కనిపిస్తోంది. ఆ వాడుకను నేను తోసిపుచ్చను. ఎవరి గంట ఎవరి ఖాతాలో పడుతోందో కథలో కనిపిస్తే మాట చెల్లుతుంది. కనిపించకపోతే అది అలసటకు మరో పేరు, అంతే. అపార్టుమెంట్లలో పనిచేసే అమ్మాయిల గురించి, ఇటుక బట్టీలకు బయానా తీసుకుని పోయే కుటుంబాల గురించి రాసేటప్పుడు మాత్రం ఈ మాటను జంకకుండా వాడవచ్చు. విశాఖ మన్యంలో అప్పు కింద మనిషినే కుదువపెట్టుకునే 'గొత్తి' పద్ధతి ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజన్సీలకోసం దానిమీద ప్రత్యేకం నిబంధన చేయవలసి వచ్చింది. ఆ గొత్తి గురించి మన కథకులు రాసింది ఎంత? వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. జ్ఞాపకాలకు వెట్టి చేసే హృదయాలు మాత్రం లెక్కకు అందవు.

ఒక మాట మిగిలింది. తెలంగాణ పల్లెలో దొర అంటే గడీలో కూచుని వెట్టి చేయించుకున్నవాడు. కోస్తాలో దొర అంటే గుర్రమెక్కి వచ్చిన తెల్లవాడు. ఘాటెక్కి మన్యంలోకి పోతే దొర అన్నది ఒక గిరిజన తెగ పేరు, కొండదొరలు. గంతందొర, మల్లుదొరల పేళ్ళ చివర ఉన్నదీ ఆ మాటే. ఆ దొరల మనుషులే రోడ్డుమీద రాళ్ళు మోశారు. "దొరల ఊడిగం" అని నేను జర్మన్ మాటకు చేసిన తెలుగు లంబసింగి దాటాక తలకిందులైపోతుంది. అక్కడ దొరల ఊడిగమంటే దొరలు చేసిన ఊడిగం. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

వెనకబల్ల కుర్రవాడి జవాబు తప్పని నేను ఆనాడు అనలేదు; సరే అనీ అనలేదు. సోమవారం మళ్ళీ అదే తరగతి ఉంది.